తాళంచెవికి ధ్రువపత్రం

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో ఉపయోగించే చిన్న చిన్న వస్తువుల వెనుక కూడ శాస్త్రం, చట్టం, సామాజిక బాధ్యత కలిసి పనిచేస్తుంటాయి. కారు తలుపును దూరం నుండి తెరిచే రిమోట్ తాళంచెవిని ఉదాహరణగా తీసుకొని, రేడియో తరంగాల వినియోగానికి నియంత్రణ ఎందుకు అవసరమో, ధ్రువీకరణ ఏ విధంగా జరుగుతుందో, దాని పరిమితులు ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'పిట్ట కొంచెం కూత ఘనం' అన్న సామెత రిమోట్ తాళంచెవికి చక్కగా సరిపోతుంది. గుప్పెట్లో ఇమిడిపోయే ఆ వస్తువులో నాణెమంత బ్యాటరీ ఒకటి, గోరంత ఎలక్ట్రానిక్ చిప్పు ఒకటి, చిన్న రేడియో ప్రసారిణి ఒకటి ఉంటాయి. మీట నొక్కగానే ప్రసారిణి నుండి ఒక రహస్య సంకేతం వెలువడుతుంది. కారులోని గ్రాహకం దానిని పోల్చుకొని తలుపు తెరుస్తుంది. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది. అయితే ఆ రెప్పపాటు కాలంలో తాళంచెవి ఒక బుల్లి రేడియో కేంద్రమే. పెద్ద రేడియో కేంద్రానికి ప్రభుత్వ అనుమతి ఎంత అవసరమో, ఈ బుల్లి కేంద్రం అంగడికి రావడానికి కూడ ఒక ధ్రువపత్రం అంతే అవసరం.

తొలినాటి రిమోట్ తాళాలు రేడియో తరంగాలతో పనిచేసేవి కావు. 1982లో ఫ్రెంచి సంస్థ రెనో తన ఫ్యూగో కారులో ప్రవేశపెట్టిన తాళం పరారుణ కిరణాలతో పనిచేసింది. పరారుణ కిరణం కాంతివంటిదే. సూటిగా ప్రయాణిస్తుంది, అడ్డు వస్తే ఆగిపోతుంది. కనుక తాళంచెవిని కారులోని గ్రాహకానికి ఎదురుగా పట్టుకోవలసి వచ్చేది. రేడియో తరంగాలకు ఆ ఇబ్బంది లేదు. జేబులో ఉన్నా, చేతిసంచిలో ఉన్నా అవి అన్ని దిక్కులకు వ్యాపిస్తాయి. ఈ సౌలభ్యం కారణంగానే తయారీదారులు రేడియోవైపు మొగ్గారు. కాని అన్ని దిక్కులకు వ్యాపించడమనే ఆ గుణమే ఒక చిక్కును కూడ తెచ్చిపెట్టింది. తరంగం తన కారు దగ్గరకు మాత్రమే వెళ్ళదు. పొరుగువాని ఇంటిలోనికీ వెళుతుంది.

ఊరుమ్మడి చెరువు నీటిని ఆయకట్టు రైతులందరూ వంతులవారీగా వాడుకొంటారు. పైతూము వద్ద ఉన్నవాడు తన ఇష్టం వచ్చినట్లు నీరు మళ్ళించుకొంటే చివరి పొలం ఎండిపోతుంది. రేడియో తరంగాల విషయం కూడ ఇటువంటిదే. ఒకే ప్రాంతంలో, ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ఒకేసారి ప్రసారం చేస్తే ఇద్దరి సంకేతాలూ చెదిరిపోవచ్చు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగిపోయిన తరువాత ఈ అవసరం అమెరికాకు తీవ్రంగా తెలిసివచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆ దేశం రేడియో ప్రసారాలకు లైసెన్సును తప్పనిసరి చేసే చట్టాన్ని తెచ్చింది. 1934లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అనే నియంత్రణ సంస్థ ఏర్పడింది. దానినే సంక్షిప్తంగా ఎఫ్.సి.సి. అంటారు. భారతదేశంలో సర్వోన్నత న్యాయస్థానం 1995 ఫిబ్రవరిలో వెలువరించిన తీర్పులో గగన తరంగాలు ప్రజల ఆస్తి అని స్పష్టం చేసింది.

ప్రజల ఆస్తిని వాడుకొనేవారందరి నుండి లైసెన్సు కోరడం సాధ్యమా? తలుపు తెరిచే ప్రతి మనిషి దరఖాస్తు పెట్టుకోవడం జరిగే పని కాదు. అందువల్ల చట్టం మధ్యేమార్గాన్ని ఎంచుకొన్నది. బలహీనమైన సంకేతాన్ని మాత్రమే పంపే పరికరాలను వాడేవానికి లైసెన్సు అక్కరలేదు. దానికి బదులుగా, పరికరాన్ని తయారుచేసేవాడు అది హద్దు దాటదని ముందుగా నిరూపించాలి. ఆ నిరూపణకే ధ్రువీకరణ అని పేరు. వాడేవాని భారాన్ని తయారుచేసేవానిపై ఉంచడమే ఈ విధానంలోని కీలకం.

అమెరికాలో అనేక కార్ల తాళంచెవులు 315 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. వాటికి ఎఫ్.సి.సి. నిబంధనలలోని 15వ భాగం వర్తిస్తుంది. మూడు మీటర్ల దూరంలో సంకేతం తీవ్రత సగటున మీటరుకు సుమారు 6 వేల మైక్రోవోల్టులు మించరాదని ఆ నిబంధన చెబుతున్నది. ఒక వాటు శక్తిని లక్ష భాగాలు చేస్తే అందులో దాదాపు ఒక్క భాగంతో ఈ తీవ్రత కలుగుతుంది. ఇది బలానికి పెట్టిన హద్దు. కాలానికి కూడ ఒక హద్దు ఉన్నది. మీట మీద నుండి వేలు తీసిన 5 సెకన్లలోగా ప్రసారం దానంతట అదే ఆగిపోవాలి. ఈ నిబంధన కింద నిరంతర ప్రసారానికి అనుమతి లేదు. మాటలను, దృశ్యాలను పంపడానికీ అనుమతి లేదు. క్లుప్తంగా చెప్పవలసినది చెప్పి మౌనం వహించడమే దాని ధర్మం.

315 మెగాహెర్ట్జ్‌కు కొంచెం పైన, 322 నుండి 335.4 వరకు గల పట్టీలో ఇటువంటి పరికరాలు ఉద్దేశపూర్వకంగా ప్రసారం చేయడాన్ని అమెరికా నిషేధించింది. కారణం లేకపోలేదు. ఆ పట్టీ పైభాగంలో విమానాలు నేలకు దిగేటప్పుడు సరియైన వాలును చూపే సంకేతాలు ఉంటాయి. కింది భాగాన్ని ఖగోళ శాస్త్రజ్ఞులు వాడుకొంటారు. తమిళనాడులోని ఊటీ వద్ద 1970లో వెలసిన రేడియో దూరదర్శిని కూడ 326.5 మెగాహెర్ట్జ్ వద్దనే నక్షత్రలోకాల సంకేతాలను ఆలకిస్తుంది. సుదూర గగనం నుండి వచ్చే ఆ సంకేతాలు అత్యంత క్షీణమైనవి. వాటి పక్కన తాళంచెవి కూడ పెద్దగొంతుకే.

ఇక పరీక్ష జరిగే తీరును గమనించవలసి ఉన్నది. తయారీదారు తన తాళంచెవిని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతాడు. అక్కడ తరంగాలు గోడలకు తగిలి వెనుకకు మళ్ళకుండ ప్రత్యేకమైన పూత, దిమ్మెలు అమర్చిన గది ఉంటుంది. గుండ్రంగా తిరిగే బల్లమీద కొత్త బ్యాటరీ వేసిన తాళంచెవిని ఉంచుతారు. మూడు మీటర్ల దూరంలో యాంటెన్నాను నిలుపుతారు. బల్లను చుట్టూ తిప్పుతూ, యాంటెన్నాను ఒక మీటరు నుండి నాలుగు మీటర్ల ఎత్తు వరకు జరుపుతూ, తాళంచెవిని నిలువుగా, అడ్డంగా, వెల్లకిలా మార్చి పెడుతూ సంకేతం ఎక్కడ అత్యధికంగా ఉన్నదో కొలుస్తారు. అతి తక్కువగా కాక, అతి ఎక్కువగా ఉన్న కొలతనే లెక్కలోనికి తీసుకోవడం ఈ పరీక్షలోని నిజాయితీ.

పరీక్ష అంతటితో ముగియదు. ఏ ప్రసారిణి అయినా తన అసలు పౌనఃపున్యంతోపాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉండే పౌనఃపున్యాల వద్ద కూడ కొద్దిపాటి శక్తిని వెదజల్లుతుంది. వీటిని అనుస్వరాలు అంటారు. 315ను 5తో గుణిస్తే 1575 వస్తుంది. ఉపగ్రహాల సాయంతో దారి చూపే జి.పి.ఎస్. వ్యవస్థ ప్రధాన సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద ఉన్నది. అంటే సరిగా రూపొందించని తాళంచెవి తన ఐదవ అనుస్వరంతో, దారి చూపే పరికరం వినే చోటనే రొద చేయగలదన్నమాట. అందుకే పదవ అనుస్వరం వరకు కొలిచి చూడవలసినదని నియమం.

కొలతలు, లోపలి భాగాల ఛాయాచిత్రాలు, విద్యుత్ వలయాల పటాలు, వినియోగదారుల కరదీపిక అన్నీ కలిపి ధ్రువీకరణ సంస్థకు సమర్పిస్తారు. ఎఫ్.సి.సి. గుర్తింపు పొందిన ఈ సంస్థలు వాటిని పరిశీలించి ధ్రువపత్రం ఇస్తాయి. అప్పుడు తాళంచెవికి ఒక గుర్తింపు సంఖ్య లభిస్తుంది. అందులో మొదటి అక్షరాలు తయారీదారును, తరువాతివి ఆ నమూనాను సూచిస్తాయి. ఆ సంఖ్య ఆధారంగా పరీక్షా నివేదికను ఎవరైనా బహిరంగ పట్టికలో చూడవచ్చు. ధ్రువీకరణ లేని తాళంచెవిని దిగుమతి చేసుకొని అమ్మడం చట్టవిరుద్ధం.

ధ్రువపత్రంతోపాటు రెండు షరతులు వస్తాయి. ఒకటి: ఈ పరికరం ఇతరులకు హానికరమైన అంతరాయం కలిగించరాదు. రెండు: ఇతరుల వలన తనకు కలిగే అంతరాయాన్ని సహించాలి. మొదటిది బాధ్యత, రెండవది సహనం. రెండవ షరతు ఎంత కఠినమైనదో 2004, 2005 సంవత్సరాలలో అమెరికా ప్రజలకు అనుభవమైనది. సైన్యం 380 నుండి 399.9 మెగాహెర్ట్జ్ పట్టీలో కొత్త రేడియో వ్యవస్థను ప్రవేశపెట్టగా, కొన్ని సైనిక స్థావరాల పరిసరాలలో కారు షెడ్ల తలుపులు తెరిచే రిమోట్లు మొరాయించాయి. ఆ పట్టీపై సైన్యానికే హక్కు ఉన్నది. రిమోట్ల యజమానులు సర్దుకొనవలసి వచ్చింది.

మొదటి షరతు విలువను తెలిపే సంఘటన 2019లో జరిగింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నగరం సమీపాన నార్త్ ఓమ్‌స్టెడ్ అనే పట్టణం ఉన్నది. అక్కడ ఒక వాడలో కారు తాళంచెవులు, షెడ్ల రిమోట్లు ఉన్నట్టుండి పనిచేయడం మానివేశాయి. ఇది కొన్ని వారాలపాటు సాగింది. జనులలో నానా ఊహాగానాలు చెలరేగాయి. విద్యుత్ సంస్థ ఉద్యోగులు అనుమానం కలిగిన చోట సరఫరాను నిలిపి చూశారు. అయినా సంకేతం ఆగలేదు. చివరికి ఒక ఇంటిలో దాని మూలం దొరికింది. ఆ ఇంటివాడు నేలమాళిగలో పనిచేసుకొనేటప్పుడు పై అంతస్తులోనికి ఎవరైనా వస్తే తెలియడానికి సొంతంగా ఒక పరికరాన్ని తయారుచేసుకొన్నాడు. బ్యాటరీతో నడిచే ఆ పరికరం 315 మెగాహెర్ట్జ్ వద్ద ఎడతెగకుండ ప్రసారం చేస్తున్నది. అతనికి దురుద్దేశం లేదు. తన పరికరం ఊరి నోరు నొక్కుతున్నదన్న సంగతి కూడ అతనికి తెలియదు.

ఈ సంఘటనలో ఒక న్యాయసూక్ష్మం ఉన్నది. అమ్మకానికి కాక స్వంతానికి ఇంటిలో తయారుచేసుకొన్న కొద్దిపాటి పరికరాలకు అమెరికా నిబంధనలు ధ్రువీకరణ నుండి మినహాయింపు ఇచ్చాయి. కాని ఇతరులకు అంతరాయం కలిగించరాదన్న నియమం నుండి ఎవరికీ మినహాయింపు లేదు. పత్రం లేకపోవచ్చు గాని ధర్మం తప్పదు. ఐదు సెకన్లకు నోరు మూసుకొనే ఏర్పాటు ఆ పరికరంలో ఉన్నట్లయితే ఒక వాడ అంతా వారాల తరబడి ఇక్కట్ల పాలయ్యేది కాదు.

దేశాన్నిబట్టి విధానం మారుతుంది. ఐరోపాలో తాళంచెవులకు 433.05 నుండి 434.79 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీ ప్రసిద్ధమైనది. అక్కడ 2014 నాటి రేడియో పరికరాల ఆదేశం అమలులో ఉన్నది. ఆమోదిత ప్రమాణాలను పాటించిన తయారీదారు తానే అనురూపతా ప్రకటన చేసి, సి.ఇ. గుర్తు వేసుకోవచ్చు. భారతదేశంలో వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం 1952లో ఏర్పడింది. తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు నమూనా ఆమోదం ఈ విభాగం పరిధిలోనిది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం స్థానంలో భారత పార్లమెంటు 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది. ఒక దేశపు ధ్రువపత్రం మరొక దేశంలో తనంత తానుగా చెల్లదు. అందుకే ఒకే నమూనా తాళంచెవి వెనుక పలుదేశాల గుర్తులు బారులు తీరి కనబడుతుంటాయి.

ఇన్ని పరీక్షలు దాటిన తాళంచెవి దొంగల బారి నుండి కారును కాపాడగలదా? ఈ ప్రశ్నకు రేడియో ధ్రువపత్రం సమాధానం చెప్పదు. సంకేతం ఎంత బిగ్గరగా ఉన్నదని అది అడుగుతుంది. సంకేతంలోని రహస్యం ఎంత గట్టిదని అడగదు. 2008లో జర్మనీలోని బోహుం నగరంలో గల రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రిమోట్ తాళాలలో విరివిగా వాడే కీలాక్ అనే సంకేత పద్ధతిని ఛేదించి చూపారు. 2011లో స్విట్జర్లాండులోని జూరిక్ పరిశోధకులు, జేబులో ఉండగానే తలుపు తెరిచే తాళంచెవుల సంకేతాన్ని దూరానికి అందించి, ఎనిమిది సంస్థలకు చెందిన పది నమూనాల కార్లపై తమ పద్ధతిని నిరూపించారు. వాహనాల సైబర్ భద్రతను గురించి ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం రూపొందించిన 155వ నిబంధన 2021 జనవరిలో అమలులోకి వచ్చింది. ఒక పత్రం అన్ని భయాలకూ మందు కాదని దీనివలన తెలుస్తున్నది.

ఆ మాత్రాన ధ్రువపత్రం విలువ తగ్గదు. యజమాని సొత్తును కాపాడడం తాళం పని. పొరుగువాని హక్కును కాపాడడం ధ్రువపత్రం పని. విమానం క్షేమంగా దిగడం, దూరదర్శిని తారల సవ్వడిని వినడం, పక్క ఇంటివాని తలుపు వేళకు తెరుచుకోవడం వంటివి ఎన్నో అజ్ఞాతంగా దానిపై ఆధారపడి ఉన్నాయి. కంటికి కనబడని ఉమ్మడి సంపదను కొంచెం కొంచెంగా వాడుకొని తరువాతివానికి విడిచిపెట్టాలన్న ఒప్పందమే ఆ చిన్న వస్తువు వెనుక అచ్చయిన కొద్దిపాటి అక్షరాల సారాంశం.

కఠిన పదాలు – అర్థాలు

ప్రసారిణి : సంకేతాలను పంపే సాధనం
గ్రాహకం : సంకేతాలను అందుకొనే సాధనం
పౌనఃపున్యం : ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
మెగాహెర్ట్జ్ : సెకనుకు పది లక్షల కంపనాలు
ఆయకట్టు : చెరువు లేదా కాలువ కింద సాగయ్యే భూమి
తూము : చెరువు నీటిని వదిలే మార్గం
కరదీపిక : వాడే విధానాన్ని తెలిపే చిన్న పుస్తకం
అనురూపత : ప్రమాణానికి తగినట్లుగా ఉండడం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. రిమోట్ తాళంచెవికి ధ్రువీకరణ ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా వివరించండి.
2. ప్రయోగశాలలో తాళంచెవిని పరీక్షించే విధానాన్ని వర్ణించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. గగన తరంగాలను ఊరుమ్మడి చెరువుతో పోల్చడంలోని ఔచిత్యం ఏమిటి?
2. నార్త్ ఓమ్‌స్టెడ్‌లో జరిగిన సంఘటన ఏ నీతిని తెలుపుతున్నది?
3. రేడియో ధ్రువపత్రం ఏ ప్రశ్నకు సమాధానం చెప్పదు? ఎందుకు?

III. కింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. పత్రం లేకపోవచ్చు గాని ధర్మం తప్పదు.
2. మొదటిది బాధ్యత, రెండవది సహనం.

IV. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఎఫ్.సి.సి. ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. మీట వదిలిన ఎన్ని సెకన్లలోగా ప్రసారం ఆగిపోవాలి?
3. ఊటీ రేడియో దూరదర్శిని ఏ పౌనఃపున్యం వద్ద పనిచేస్తుంది?

V. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
1. సర్వోన్నత 2. దానంతట 3. పరారుణ