చిట్టీకి, స్కాన్ రిపోర్టు చూశాక

పూడిమడక



నువ్వు పంపిన స్కాన్ కాగితం చదివాను. కాలేయం కుడివైపు 9.2 సెంటీమీటర్ల గడ్డ, హిమాంజియోమా కావచ్చు అని రాశారు. మీ అమ్మ ఆ అంకె చూసి అన్నం మానేసింది. నేను నర్సుగా వార్డుల్లో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, సైజు సంగతి తర్వాత. అది ఏ గడ్డో ముందు తేలాలి.

హిమాంజియోమా అంటే రక్తనాళాలు ముద్దగా అల్లుకున్న గడ్డ. కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారదు. ఆడవాళ్లలోనే ఎక్కువ. 5 సెంటీమీటర్లు దాటితే 'జెయింట్' అని రాస్తారు, ఆ మాటకి హడలిపోకు.

మామూలు అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టకు. ట్రిపుల్ ఫేజ్ సీటీ గానీ, కాంట్రాస్ట్ ఎమ్మారై గానీ చేయించాలి. చేతి నరంలోకి మందు ఎక్కించి వరసగా బొమ్మలు తీస్తారు. హిమాంజియోమా అయితే మందు ముందు అంచుల్లో చుక్కలు చుక్కలుగా మెరిసి, తర్వాత నెమ్మదిగా లోపలికి పాకుతుంది. పెద్ద గడ్డల్లో నడిమధ్య నిండకపోవచ్చు కూడా. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉంటే స్కానింగ్ గదిలోకి వెళ్లకముందే చెప్పు. కేన్సర్ అనుమానం ఉందేమో చూడటానికి హెపటైటిస్ బి, ఏఎఫ్‌పీ రక్తపరీక్షలూ రాస్తారు, చేయించుకో. సూదితో ముక్క తీయిద్దామని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకు. ఇలాంటి గడ్డకి సూది తగిలితే నెత్తురు ఆగకపోవచ్చు. బొమ్మల్లో తేలకపోతేనే ఆ ఆలోచన, అదీ పెద్దాసుపత్రిలోనే.

ఇంకోటి, మీ అమ్మ ముందు అడగలేక రాస్తున్నాను. రెండో కాన్పుకి ఎడం కోసం మాత్రలు వాడుతున్నావా? వాడితే డాక్టరు దగ్గర దాచకు. అడినోమా అని వేరే గడ్డ ఉంది, దానికీ ఆ మాత్రలకీ చుట్టరికం. అది 5 సెంటీమీటర్లు దాటితే లోపల నెత్తురు పోయే భయం, కొన్నిట్లో కేన్సరయ్యే భయం. ముందు మాత్రలు మాన్పించి ఆర్నెల్లు చూస్తారు, తగ్గకపోతే ఆపరేషనే. మగాళ్లకైతే సైజుతో పని లేకుండా తీసెయ్యమంటారు. ఎఫ్ఎన్‌హెచ్ అనే మూడో రకాన్ని మాత్రం చాలావరకు వదిలేస్తారు.

నీ కడుపునొప్పి ఈ గడ్డ వల్లేనని ఇప్పుడే తీర్మానించకు. అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు పేరు చెప్పి పూటపూటా తిండి మానేస్తున్నావు, అల్సరో పిత్తాశయంలో రాళ్లో కూడా కావచ్చు. అవి లేవని తేలి, నొప్పి తగ్గకపోతేనే హిమాంజియోమాకి ఆపరేషన్. ఏ బాధా లేకపోతే 9 సెంటీమీటర్లున్నా అలా వదిలేసి, అప్పుడప్పుడు స్కాన్ చేస్తే చాలు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, కళ్లు తిరగడం వస్తే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యి.

లివరుకి పసరు పోస్తారని మీ నాన్న ఎవరినో కనుక్కుంటున్నాడట. వద్దని గట్టిగా చెప్పు. గడ్డ పోకపోగా మంచి కాలేయం పాడవుతుంది.

విశాఖ కేజీహెచ్‌కి నేనూ వస్తాను. ఎన్టీఆర్ వైద్యసేవకి పనికొచ్చే కార్డు తెచ్చుకో, ఏది వర్తిస్తుందో అక్కడే అడుగుదాం. రిపోర్టుతోపాటు సీడీ కూడా అడిగి తీసుకో. కాన్పు నాటి పాత స్కాన్ కాగితాల్లో పొట్టంతా చూసినవేమైనా ఉంటే వెతికి పెట్టు. గడ్డ అప్పటికే ఉందో, ఈమధ్య పెరిగిందో వాటితో తెలుస్తుంది.

మీ పెద్దమ్మ