మెరిసేదంతా శుభ్రమైనదేనా?

తలకు బాగా నూనె పట్టించిన రోజున స్టిక్కరు బొట్టు నుదుట నిలవదు. పొద్దున పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఎక్కడో రాలిపోతుంది. సైకిలు ట్యూబుకు పంక్చరు వేసే అతణ్ణి చూడండి. చిల్లు దొరకగానే ముక్క అతికించడు. ముందు ఆ చోటును గరుకుగా గీకుతాడు, దుమ్ము తుడుస్తాడు, ఆ తరవాతే సొల్యూషన్ పూస్తాడు. గోడకు సున్నం వేసేవారు పాత పెచ్చులు గీకకుండా కొత్త సున్నం కొట్టరు. ఈ మూడు పనుల్లోనూ ఒకే సూత్రం ఉంది. ఒక ఉపరితలం మీద మరొక పదార్థం గట్టిగా నిలవాలంటే ఆ రెంటికీ నడుమ మూడోది అడ్డు ఉండకూడదు.

ఈ సూత్రాన్ని ఇప్పుడు కారు పెయింటుకు అన్వయించి చూద్దాం. కారును పాలిష్ చేశాక, ఎండా వానా దెబ్బ తీయకుండా దానిమీద మైనం గాని, సీలెంటు అనే కృత్రిమ పాలిమరు పూత గాని వేస్తారు. పాలిష్ అయిన కారు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. అంతకన్నా శుభ్రం ఏముంటుంది, వెంటనే పూత వేసేయవచ్చు గదా అనిపిస్తుంది. కాని తెలిసిన పనివాడు అలా చేయడు. మెరుస్తున్న ఆ కారునే మళ్లీ ఒకసారి తుడుస్తాడు. ఎందుకు?

పెయింటు ఒక పొర కాదు

కారు రేకు మీద మనకు కనిపించే రంగు ఒకే పూత కాదు. రేకును తుప్పు నుంచి కాపాడే ప్రైమరు అడుగున ఉంటుంది. దానిమీద రంగు పొర. అన్నిటికన్నా పైన, రంగులేని పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దీన్నే క్లియర్ కోటు అంటారు. ఇప్పటి కార్లలో ఈ పొరలన్నీ కలిపి మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రోమీటర్లు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రోమీటర్లు మాత్రమే. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు. అంటే కారుకు నిగనిగ నిచ్చే పొర వెంట్రుక కన్నా పలుచన!

మురికిగుడ్డతో తుడిచినా, ఇసుక ఉన్న నీటితో కడిగినా ఈ పొర మీద సన్నని గీతలు పడతాయి. ఎండలో చూస్తే అవి సాలెగూడులా కనిపిస్తాయి. నునుపైన తలం కాంతిని క్రమ పరావర్తనం చేస్తుంది. గీతల అంచులు కాంతిని నలుదిక్కులకూ చెదరగొడతాయి. మెరుపు తగ్గడానికి కారణం ఇదే.

పాలిష్ చేయడమంటే ఈ గీతలను ‘పూడ్చడం’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి గీత చుట్టూ ఉన్న పెయింటును గీత అడుగు దాకా అరగదీయడమే పాలిష్. అరిగిన పెయింటు మళ్లీ పెరగదు. అందువల్ల ఒక కారుకు ఎన్నిసార్లు పాలిష్ చేయవచ్చో దానికొక హద్దు ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత అవసరమవుతుంది.

నూనె చేసే మాయ

పాలిష్ ముద్దలో అరగదీసే పని చేసేది అతి సన్నని పొడి. సాధారణంగా ఇది అల్యూమినియం ఆక్సైడు. ఈ పొడి ఒక్కటే వేసి రుద్దితే కొత్త గీతలు పడతాయి, తలం వేడెక్కుతుంది. ఘర్షణ తగ్గడానికి అందులో నూనెలు కూడా కలుపుతారు. పని పూర్తయ్యాక పొడిని గుడ్డతో తుడిచేస్తాం. నూనె మాత్రం పల్చని పొరగా మిగిలిపోతుంది. గీతల్లోకి కూడా దిగుతుంది.

ఇక్కడే కన్ను మోసపోతుంది. గాలి వక్రీభవన గుణకం 1. క్లియర్ కోటుది సుమారు 1.5. ఈ రెండూ కలిసే చోట నిలువుగా పడ్డ కాంతిలో నూటికి 4 వంతులు వెనక్కి తిరుగుతుంది. అందుకే గాలితో నిండిన గీత మనకు కనబడుతుంది. గీతలో నూనె నిండిందనుకోండి. ఖనిజ నూనె వక్రీభవన గుణకం సుమారు 1.47. నూనెకూ పెయింటుకూ తేడా చాలా తక్కువ కాబట్టి ఆ సరిహద్దు దగ్గర పదివేలలో ఒక వంతు కాంతి మాత్రమే వెనక్కి వస్తుంది. కాంతికి అక్కడ గీత ఉన్నట్లే తెలియదు. కాగితం మీద నూనె పడితే అవతలి అక్షరాలు కనిపించడం మీరు చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే.

అయితే ఆ గీత పోలేదు, దాగింది. నాలుగైదుసార్లు కడిగేసరికి నూనె పోతుంది, గీత మళ్లీ బయటపడుతుంది. రూపాయి రూపాయి కూడబెట్టి తన టాక్సీకి పాలిష్ చేయించుకున్న డ్రైవరు సంగతి ఆలోచించండి. నెల తిరగకుండానే గీతలు కనబడితే పనివాడు మోసం చేశాడని అతను అనుకుంటాడు. పనివాడేమో తాను బాగానే చేశానని నమ్ముతాడు. మళ్లీ పాలిష్ చేస్తే పలుచని పొర మరికాస్త పలుచనవుతుంది. నూనె తుడిచి చూసి ఉంటే, మిగిలిన గీతలు అప్పుడే కనిపించేవి.

నీటిబొట్టు చెప్పే సాక్ష్యం

నూనె వల్ల రెండో చిక్కు కూడా ఉంది. సీలెంటు అణువులు పెయింటును తాకి, అసంజన బలాలతో పట్టుకోవాలి. నడుమ నూనె ఉంటే అవి నూనెను పట్టుకుంటాయి. నూనె జారితే వాటితోపాటు పూత కూడా జారుతుంది.

మైనం సంగతి కొంత వేరు. కార్లకు వాడే మేలురకం మైనం కార్నౌబా. ఇది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మైనపు లేపనాల్లోనే కొన్ని నూనెలు, ద్రావణులు ఉంటాయి కాబట్టి కొద్దిపాటి నూనెను అవి ఓర్చుకుంటాయి. పాలిష్, మైనం కలిపి ఒకే డబ్బాలో అమ్మే రకాలకు ఈ తుడుపు అక్కరలేదు. సీలెంటుకు మాత్రం శుభ్రమైన తలం తప్పనిసరి.

పూత బాగా పట్టిందో లేదో చూడటానికి నీళ్లు చల్లుతారు. నీరు తామరాకు మీదిలా గుండ్రటి బొట్లుగా నిలిస్తే ‘భేష్’ అంటారు. ఈ పరీక్షలో ఒక లోపం ఉంది. పాలిష్ నూనె మీద కూడా నీరు బొట్లుగానే నిలుస్తుంది! నీటి అణువుల మధ్య సంసంజన బలాలు ఎక్కువ, నూనెతో అసంజన బలాలు తక్కువ. అందువల్ల బొట్టు కట్టడం పూతకు రుజువు కాదు, నూనెకు కూడా రుజువు కావచ్చు.

ఎంత నూనె చాలు?

అంత గట్టిగా తుడిచాక ఇంకా నూనె ఎక్కడిది అని మీకు సందేహం రావచ్చు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీరు విన్నారు. ఆయన లండన్ దగ్గర క్లాపమ్ అనే చోట ఒక చెరువులో చెంచాడు నూనె పోసి చూశాడు. అది పరుచుకుంటూ పోయి, దాదాపు అర ఎకరం మేర నీటిని అలలు లేకుండా అద్దంలా చేసింది. ఈ సంగతి 1774లో అచ్చయింది.

మనం లెక్క వేద్దాం. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు అనుకుందాం. అర ఎకరం సుమారు 2,000 చదరపు మీటర్లు. ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగిస్తే నూనె పొర మందం 2.5 నానోమీటర్లు వస్తుంది. ఇది ఇంచుమించు ఒక అణువు పొడవుతో పోల్చదగినది. కారు పైభాగం వైశాల్యం 10 చదరపు మీటర్లు అనుకుంటే, ఇంతే మందాన కప్పడానికి కావలసిన నూనె 0.025 మిల్లీలీటరు. అంటే అరబొట్టు! కంటికి కనిపించనంత నూనె కారంతటినీ కప్పగలదన్నమాట.

దేనితో తుడవాలి?

ఉత్త నీరు నూనెను కరిగించదు. కిరోసిన్ కరిగిస్తుంది గాని తానే జిడ్డు మిగులుస్తుంది. పెయింటర్లు వాడే థిన్నరు నూనెతోపాటు పెయింటునే మెత్తబరచవచ్చు. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాలును నీటితో కలిపి వాడతారు. దీని అణువుకు రెండు గుణాలున్నాయి. మూడు కార్బన్ల భాగం నూనెతో కలుస్తుంది. ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న భాగం నీటితో కలుస్తుంది. ఇది 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కాబట్టి తొందరగా ఆవిరై పోతుంది, ఏ మరకా మిగల్చదు.

సాధారణంగా ఒక పాలు ఆల్కహాలుకు మూడు పాళ్లు శుద్ధజలం కలుపుతారు. నీరు ఉండటం వల్ల ఆవిరి కావడం నెమ్మదించి, తుడవడానికి వ్యవధి దొరుకుతుంది. బోరునీరు వాడితే అందులోని లవణాలు తెల్లమచ్చలుగా మిగులుతాయి. కొత్తగా పెయింటు వేసిన బండి మీద దీన్ని వాడకూడదు, ఆ పెయింటు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు.

పని వరస ఇది. బండిని నీడలో నిలిపి, రేకు చల్లబడనివ్వాలి. చేయి పెట్టలేనంత వేడి రేకు మీద ద్రవం తుడవక ముందే ఆరిపోతుంది. రెండు జానల మేర మాత్రమే చల్లి, మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో అదమకుండా తుడవాలి. గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒక్కొక్క చోటుకు ఒక్కొక్క కొత్త ముఖం తిప్పాలి. ఒక తుడుపు నూనెలో పదో వంతు మిగిల్చిందనుకోండి. శుభ్రమైన ముఖంతో రెండోసారి తుడిస్తే నూరో వంతే మిగులుతుంది. అదే ముఖంతో తుడిస్తే తీసిన నూనెను తిరిగి పూసినట్లే. తరవాత బల్బు వెలుగులో ఏటవాలుగా చూడాలి. గీతలు కనిపిస్తే పూత వేయకుండా మళ్లీ పాలిష్‌కు వెళ్లాలి. కనిపించకపోతే, తలాన్ని వేళ్లతో తాకకుండా పూత వేయవచ్చు. మన వేళ్లకు కూడా జిడ్డు ఉంటుంది గదా!

హెచ్చరిక: ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఆవిరి సులభంగా అంటుకుంటుంది. దీన్ని మీరు ఒంటరిగా వాడవద్దు. దగ్గరలో నిప్పు ఉండరాదు, గాలి బాగా ఆడాలి.

మీరే చేసి చూడండి

ఈ ప్రయోగానికి ఆల్కహాలు అక్కరలేదు. ఒక స్టీలు పళ్లెం, గిన్నెలు తోమే సబ్బు చాలు.

1. పళ్లాన్ని సబ్బుతో బాగా తోమి, కుళాయి కింద కడగండి. లోపలి తలాన్ని తాకకుండా ఏటవాలుగా పట్టుకోండి. నీరు తెగకుండా ఒకే పొరగా నిలుస్తుంది.

2. పళ్లెం ఆరాక, ముక్కు పక్కన వేలితో రాసి, ఆ వేలిని పళ్లెం మీద అద్దండి. మళ్లీ నీరు పోయండి. వేలిముద్ర ఉన్నచోట నీటిపొర తెగిపోతుంది.

3. ఆ చోటును పొడిగుడ్డతో తళతళలాడేదాకా తుడవండి. కంటికి ఏమీ కనిపించదు. నీరు పోసి చూడండి. పొర ఇంకా తెగుతుంది.

4. సబ్బుతో కడిగి నీరు పోయండి. పొర మళ్లీ అతుక్కుంటుంది.

లోహాలకు పూత వేసే కర్మాగారాల్లో ఇదే పరీక్షతో రేకు శుభ్రతను నిర్ణయిస్తారు. పెయింటు మాత్రం లోహం వంటిది కాదు. అది పాలిమరు కాబట్టి ఎంత శుభ్రం చేసినా నీరు పూర్తిగా పరుచుకోదు. అక్కడ తుడవక ముందు, తుడిచిన తరవాత బొట్టు ఆకారాన్ని పోల్చి చూడాలి. నూనె పోయాక బొట్టు కొంత చదునవుతుంది.

మెరుపును కన్ను చూస్తుంది. నూనెను పట్టుకోవడానికి మాత్రం పరీక్ష కావాలి. విజ్ఞానశాస్త్రం మనకు నేర్పేది ఈ అలవాటే.

ఆలోచించండి

1. గరుకు అద్దం మీద గరుకు వైపున పారదర్శకమైన టేపు అతికిస్తే అవతలి వస్తువులు కనిపిస్తాయి. ఎందుకు?

2. గీతలో నూనెకు బదులు నీరు నిండితే గీత పూర్తిగా దాగుతుందా? నీటి వక్రీభవన గుణకం 1.33.

3. ఒక్కొక్క తుడుపు అయిదో వంతు నూనెను మిగిలిస్తే, నూరో వంతు కన్నా తక్కువ మిగలడానికి ఎన్ని తుడుపులు కావాలి?