బల్లపై రైలుబాట

కాకినాడనుండి గౌతమీతీరమందలి కోటిపల్లికి 1928లో రైలుబాట వేసిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, ఆ పట్టాలను పెరికిరి. మరల రైలు వచ్చినది 2004లో.

ఆవలియొడ్డున కోనసీమలోనున్న మనము ఆ బాటను బల్లపై నిర్మింపవచ్చును. ఇట్టి నమూనాలకు 87వ వంతు కొలత ప్రసిద్ధము. ఆ చొప్పున 1676 మిల్లీమీటర్ల పట్టాల యెడము సుమారు 19 మిల్లీమీటర్లగును. 12 మీటర్ల కొబ్బరిచెట్టు 14 సెంటీమీటర్లగును. అట్టతో స్టేషనును, ఈనెలతో సిగ్నలు కంబములను, రంగు కలిపిన రంపపుపొట్టుతో వరిచేలను అమర్చుడు. అతుకు వెండ్రుకవాసి తప్పినను బండి పడిపోవును, విసుగక సరిచేయుడు.

ఇట్లు శ్రమించి కూర్చిన మూరెడు బాటను ఎవరైన పెరికినచో మీ మనస్సెట్లుండును? 64 ఏండ్లు రైలుకై ఎదురుచూచిన ఆ యూళ్లవారి వెత అప్పుడు బోధపడును.