హాస్టల్ నుంచి విశాఖకు చార్టర్ విమానం



ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చినప్పుడు, సముద్రం చూసినవాళ్లు చెయ్యెత్తండి అని అడిగాం. అరవై మందిలో ఏడు చేతులు లేచాయి. విమానం ఎక్కినవాళ్లు అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. అడిగిన మా ముగ్గురి చేతులు కూడా లేవలేదు. మా ఇళ్లలో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు, ఇప్పుడు పీజీలో ఉన్నాం. అయినా మా కొత్తపల్లె నుంచి నంద్యాలకో ఆళ్లగడ్డకో ఆటోలో వెళ్లడమే మాకు బాగా తెలిసిన ప్రయాణం. అందుకని ఆ అరవై మందినీ విశాఖ సముద్రానికి విమానంలో తీసుకెళ్లాలని నిశ్చయించాం. కంప్యూటర్‌లోనే లెండి.

ఫ్లైట్‌గేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మా దగ్గర ఉన్నది ఒక పాత ల్యాప్‌టాప్. జాయ్‌స్టిక్ లేదు, మౌస్‌తోనే నడిపాం. పెళ్లికి బస్సు మాట్లాడుకున్నట్టు విమానం మొత్తాన్ని ఒకే బృందం మాట్లాడుకుంటే దాన్ని చార్టర్ అంటారు. టైమ్‌టేబుల్ ఉండదు, ఎప్పుడు బయలుదేరాలో బృందమే చెబుతుంది. మేము ఎంచుకున్నది ఏటీఆర్ 72. రెండు ప్రొపెల్లర్లతో, డెబ్బై మందికి పైగా పట్టే విమానం. బయలుదేరే చోటు కర్నూలు–నంద్యాల దారిలోని ఓర్వకల్లు. అక్కడి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయంలో 2021 మార్చి 28న ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. రన్‌వే పొడవు 2,000 మీటర్లు.

మొదటిసారి ఘోరంగా ఓడిపోయాం. ఇంధనం గడిలో 1,800 అని కొట్టి, ఉత్సాహంగా లేచిపోయాం. గోదావరి దాటిన కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. అరవై మందితో పొలాల్లో పడ్డాం. తెర మీద పడితే ఎవరికీ దెబ్బ తగలదు. అయినా ఆ రాత్రి మాలో ఒకడు అన్నం సరిగా తినలేదు. తెల్లవారి చూస్తే ఆ గడి పక్కన చిన్న అక్షరాల్లో పౌండ్లు అని ఉంది. మేము అనుకున్నది కిలోలు. 1,800 పౌండ్లంటే దాదాపు 816 కిలోలే.

ఈ పొరపాటు మాకు మాత్రమే జరిగింది కాదు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767కు 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటరుకు 0.8 కిలోలు అని లెక్కించాల్సిన చోట 1.77 అని వేశారు. అది లీటరుకు పౌండ్లలో వచ్చే సంఖ్య. దాంతో కావలసినదాంట్లో సగం కూడా పొయ్యకుండానే విమానం లేచింది. నడి ఆకాశంలో ఇంజన్లు ఆగితే, పైలట్లు గాలిలో జారుతూ వచ్చి గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం మీద దించారు. లోపలి 69 మందీ బతికారు. యూనిట్ రాయకపోతే అర మార్కు కోసే మన ఫిజిక్స్ సారును తిట్టుకున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి.

రెండోసారి కాగితం, పెన్ను తీసుకున్నాం. విశాఖకు నేరుగా 580 కిలోమీటర్లు పైచిలుకు. దారికి సుమారు 1,000 కిలోల ఇంధనం. అంచనా తప్పితే అని 50. విశాఖలో దిగలేకపోతే రాజమండ్రికి వెనక్కి రావడానికి 400. అక్కడా అరగంట తిరగాల్సి వస్తే 300. రన్‌వే దాకా నడవడానికి కాస్త. అన్నీ కలిపి మళ్లీ 1,800 కిలోలే వచ్చింది. అంటే మొదట వేసిన సంఖ్య తప్పు కాదు. ఈసారి గడిలో 3,970 పౌండ్లు కొట్టాం.

తర్వాత బరువు. మనిషికి 75 కిలోలు, సంచికి 15 అని వేసుకున్నాం. అరవై మందికి 5,400. ఖాళీ విమానం సుమారు 13,500. ఇంధనంతో కలిపి 20,700. ఏటీఆర్ 72-600 రకం 23,000 కిలోల దాకా లేవగలదు కనుక ఇబ్బంది లేదు. వంటమనిషి అక్క ఈ కాగితం చూసి, "డెబ్బై అయిదు కిలోలా? మన పిల్లోల్లా? ఎవరి పిల్లోల్లను రాసినారు నాయనా?" అని నవ్వింది. మాకు పట్టుదల వచ్చింది. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ఒక్కొక్కరినీ నిలబెట్టాం. అందరికంటే బరువైనవాడు 63. సగటు 47. కాగితం మీది మనకూ కాటా మీది మనకూ 1,680 కిలోల తేడా వచ్చింది. విమానానికి అది మంచిదే, తేలిగ్గా లేస్తుంది. కానీ 75 అనే అంకె వేసుకునేటప్పుడు మా కళ్ల ముందు ఎవరున్నారో గానీ, మన హాస్టల్ పిల్లలు లేరు. ఆ కాగితాన్ని దాచుకున్నాం.

తేడా రెండోవైపు ఉంటే ప్రమాదం. 2020 జూలైలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన ఒక విమానంలో, పేరు ముందు మిస్ అని ఉన్న పెద్దవాళ్లను కంప్యూటర్ చిన్నపిల్లలుగా లెక్కేసింది. కాగితం మీద బరువు 1,244 కిలోలు తగ్గిపోయింది. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు.

బరువు ఎంత అనేదే కాదు, ఎక్కడ ఉందనేది కూడా చూడాలి. బండిలో వెనక బస్తాలు ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయని మన నాన్నలకు తెలుసు. విమానానికీ అంతే. అందుకే పదోతరగతి వాళ్లందరినీ వెనక వరుసల్లో కూర్చోబెట్టలేదు, వాళ్లు ఎంత అడిగినా.

వాతావరణం దగ్గర మేము తొందరపడలేదు. తూర్పుకు వెళ్లాలంటే నల్లమల దాటాలి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టర్ వానమబ్బుల రోజున ఆ కొండల్లోనే పావురాలగుట్ట దగ్గర కూలింది, అయిదుగురూ మరణించారు. అప్పుడు మేము చిన్నపిల్లలం, ఊరంతా టీవీల ముందు కూర్చోవడం గుర్తుంది. ఎత్తు చూపే మీటరు గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది. అందులో ఒక్క హెక్టోపాస్కల్ తప్పు పెడితే ఎత్తు సుమారు 30 అడుగులు తప్పు చూపిస్తుంది. దాన్ని రెండుసార్లు సరిచూశాం.

ఎండ సంగతి ఇంటర్ ఫిజిక్సే. ఒత్తిడి మారకపోతే, 15 డిగ్రీల దగ్గర ఉన్న గాలి మన మే నెల 42 డిగ్రీలకు చేరేసరికి సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. 288ని 315తో భాగించి చూడండి. గాలి పలచనైతే రెక్కకు పట్టు తగ్గి, రన్‌వే ఎక్కువ కావాలి. అందుకే మధ్యాహ్నం మానేసి పొద్దున ఆరున్నరకు బయలుదేరాం.

ఇక చెక్‌లిస్టు. ఒకడు చదవాలి, ఇంకొకడు చేసి చూపించి జవాబు చెప్పాలి. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ కొత్త విమానం ఒకటి లేచిన వెంటనే కూలింది. తోక దగ్గరి లాకు తియ్యడం మరిచిపోయారు, నడిపినవాళ్లు ఆరితేరిన పైలట్లే. చెక్‌లిస్టు అలవాటు అక్కడి నుంచి బలపడింది. "ఫ్లాప్స్?" "పదిహేను." "ఇంధనం?" "పద్దెనిమిది వందలు, కిలోలు." ఈ రెండో జవాబును మావాడు అరిచి చెప్పాడు.

గాలికి ఎదురుగా తిప్పుకుని, బ్రేకులు వదిలాం. మూడోవాడు వేగం చదువుతున్నాడు. ఎనభై, తొంభై, నూరు. ఇక ఆగే వీలు లేదు అనే వేగం దాటింది. 105 నాట్ల దగ్గర, అంటే గంటకు 195 కిలోమీటర్ల దగ్గర, ముక్కు ఎత్తాం. వెనక నిలబడ్డ పిల్లలు ఈల వేశారు. చక్రాలు లోపలికి వెళ్లాయి.

తూర్పుకు తిరిగాక కుడివైపు కిటికీలో నంద్యాల వైపు చూశాం. ఆ బొమ్మల్లో రోడ్డు ఉంది గానీ కొత్తపల్లె లేదు, అక్కడ ఒక గోధుమరంగు మచ్చ ఉంది. ఎదురుగా నల్లమల కనిపిస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు తెర మీద వేలు పెట్టి, "అన్నా, సముద్రం ఇంకెంత దూరం?" అని అడిగాడు.