వంటింటి ఖర్చులో సరైన పోలిక: ఇంటి వంట, ఫ్రోజెన్, సిద్ధాహారాల ధరల లెక్క

పరిచయం

మన కుటుంబాల ఆహార వ్యయ స్వరూపం గత రెండు మూడు దశాబ్దాల్లో బాగా మారింది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల తలసరి నెలసరి వ్యయంలో పానీయాలు, ఫలహారాలు, తయారైన ఆహారాల వాటా 9.62 శాతం. పట్టణాల్లో అది 10.64 శాతం. అదే గ్రామాల్లో తృణధాన్యాలపై పెట్టే ఖర్చు మొత్తం వ్యయంలో 5 శాతానికి లోపే ఉంది. అనగా ధాన్యం పండించే ఊళ్లలో సైతం బియ్యం, గోధుమలకన్నా తయారైన తిండికే ఎక్కువ డబ్బు వెళ్తోంది.

ఈ పరిస్థితిలో గృహ బడ్జెట్టుపై శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తకు రెండు సులువైన సమాధానాలు ఎదురవుతాయి. ఇంట్లో చేసుకున్నదే ఎప్పుడూ చవక అన్నది మొదటిది. తీరిక లేని కాలంలో ప్యాకెట్టే మేలు అన్నది రెండవది. ఈ రెండూ లెక్క వేయకుండా చెప్పే మాటలే. ఏది చవక అన్నది వస్తువును బట్టి, ఋతువును బట్టి, తినేవారి సంఖ్యను బట్టి మారుతుంది. కాబట్టి కుటుంబానికి తీర్పుకన్నా లెక్క కట్టే పద్ధతిని నేర్పడం ఎక్కువ ప్రయోజనకరం. ఆ పద్ధతిని నాలుగు ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులోని చిల్లర ధరలు, కూలి రేట్లు, పనికి పట్టే సమయం లెక్క కోసం తీసుకున్న ఊహాంకాలు మాత్రమే. పాఠకులు వాటి స్థానంలో తమ ప్రాంతపు అంకెలు వేసుకోవాలి.

పోలికకు ప్రమాణం

పంట దిగుబడులను పోల్చేటప్పుడు గింజలోని తేమను ఒకే స్థాయికి సరిచేసిన తరువాతే పోలుస్తాం. తడి గింజ బరువును ఎండు గింజ బరువుతో పోల్చిన విద్యార్థి నివేదికను ఏ ఆచార్యుడూ అంగీకరించడు. వంటింటి సరుకుల విషయంలో మాత్రం ఈ క్రమశిక్షణను మరచిపోతున్నాం. కిలో కాయలను కిలో గింజలతో, కిలో తడి పిండిని కిలో పొడి రవ్వతో పోల్చి ఏది చవకో తేల్చేస్తున్నాం.

సరైన పోలికకు మూడు సవరణలు అవసరం. మొదటిది, తినదగిన భాగానికి ధర కట్టడం. కొన్న ధరను తినదగిన భాగపు నిష్పత్తితో భాగిస్తే అసలు ధర వస్తుంది. రెండవది, పారవేసిన భాగాన్ని లెక్కలోకి తీసుకోవడం. మూడవది, ఇంధనాన్ని, మనిషి సమయాన్ని వండిన పరిమాణంపై పంచడం.

పచ్చి బఠాణీ: ఋతువు నిర్ణయించే ధర

బఠాణీ కాయలను ఒలిస్తే గింజ సుమారు 40 నుండి 50 శాతం వస్తుంది. రకాన్ని బట్టి, కాయ ముదురును బట్టి ఇది మారుతుంది. 45 శాతంగా తీసుకుందాం. జనవరిలో కాయలు కిలో రూ. 40 ఉంటే కిలో గింజల ధర రూ. 89 అవుతుంది. వేసవిలో కాయల ధర రూ. 110కి చేరితే గింజల ధర రూ. 244 అవుతుంది. దుకాణంలో ఫ్రోజెన్ బఠాణీ కిలో రూ. 170 అనుకుంటే, చలికాలంలో ఫ్రోజెన్ కొనడం దండుగ, వేసవిలో కాయలు కొనడం దండుగ.

రెండూ సమానమయ్యే ధరను ముందుగానే తెలుసుకోవచ్చు. ఫ్రోజెన్ గింజల ధరను ఒలుపు శాతంతో గుణించాలి. రూ. 170ని 0.45తో గుణిస్తే రూ. 76.50 వస్తుంది. కాయల ధర దీనికన్నా తక్కువగా ఉన్నంతకాలం కాయలే చవక. దాటితే ఫ్రోజెన్ చవక. గృహిణి ఈ ఒక్క అంకెను గుర్తుంచుకుంటే బజారులో నిలబడి లెక్కలు వేయనవసరం లేదు.

నాణ్యత విషయంలోనూ ఫ్రోజెన్ గింజలను తక్కువగా చూడనక్కరలేదు. బఠాణీ కోసిన గంటల్లోనే గింజలోని చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది. కర్మాగారంలో గింజలను కోసిన వెంటనే వేడినీటిలో కొద్దిసేపు ఉంచి, శీఘ్రంగా గడ్డకట్టించి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ చేస్తారు. వేడినీటి వల్ల రంగు, రుచి చెడగొట్టే ఎంజైములు నిర్వీర్యమవుతాయి. ఇదే పనిని జనవరిలో ఇంట్లోనూ చేసుకోవచ్చు. గింజలను మరుగుతున్న నీటిలో సుమారు రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లని నీటిలో వేసి, తడి ఆరిన తరువాత చిన్న పొట్లాలుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది కనుక మంచు స్ఫటికాలు పెద్దవై గింజ కొంత మెత్తబడుతుంది. కూరకు అది లోపం కాదు. తరచూ కరెంటు పోయే ఊళ్లలో మాత్రం ఈ పద్ధతిని సిఫారసు చేయరాదు. ఒకసారి కరిగిన గింజలను తిరిగి గడ్డకట్టిస్తే నాణ్యత దెబ్బతింటుంది.

ఎండు బఠాణీని మూడవ ప్రత్యామ్నాయంగా చూడాలి. నానితే బరువు సుమారు రెట్టింపవుతుంది. కిలో రూ. 80కి కొన్న ఎండు బఠాణీ, నానిన తరువాత కిలోకు రూ. 40 మాత్రమే పడుతుంది. మాంసకృత్తుల కోసమే అయితే ఈ మూడింటిలో ఇదే చవక. పచ్చి గింజలోని సి విటమిను మాత్రం ఇందులో ఆశించరాదు.

ఇడ్లీ పిండి: నీటికి చెల్లించే ధర

ఒక పాలు మినపగుళ్లకు మూడు పాళ్లు ఇడ్లీ రవ్వ చొప్పున కలిపితే, కిలో పిండిలో 100 గ్రాముల పప్పు, 300 గ్రాముల రవ్వ, సుమారు 600 గ్రాముల నీరు ఉంటాయి. మినపగుళ్లు కిలో రూ. 140, రవ్వ రూ. 50 అయితే పప్పుకు రూ. 14, రవ్వకు రూ. 15, ఉప్పు, విద్యుత్తుకు రూపాయి కలిపి మొత్తం రూ. 30 అవుతుంది. 150 వాట్ల గ్రైండరు అరగంట తిరిగినా ఒక యూనిట్‌లో పదో వంతు కూడా ఖర్చు కాదు. బజారులో కిలో పిండి రూ. 75 అయితే తేడా రూ. 45.

ఈ తేడా అంతా మోసం కాదు. అందులో శ్రమ, శీతల రవాణా, దుకాణదారు లాభం, అమ్ముడుపోని పొట్లాల నష్టం ఉన్నాయి. అయితే కొనేవారు తెలుసుకోవలసినది ఒకటుంది. పొట్లంలోని బరువులో సగానికి మించి నీరే. పిండి ఎంత పలుచనైతే అంత ఎక్కువ నీటికి ధర చెల్లిస్తున్నట్లు లెక్క.

వృథాను కూడా చూడాలి. రిఫ్రిజిరేటరులో పులియడం నెమ్మదిస్తుందే గాని ఆగదు. కిలో పొట్లంలో పావుకిలో పులిసిపోయి పారవేస్తే, వాడిన పిండికి పడిన ధర కిలోకు రూ. 75 కాదు, రూ. 100. ఇదే సూత్రం ఇంటి పిండికీ వర్తిస్తుంది.

కర్రీ పాయింట్: తినేవారి సంఖ్య

అన్నం ఇంట్లో వండుకొని కూర, పప్పు, సాంబారు కర్రీ పాయింట్ నుండి తెచ్చుకోవడం తెలుగు పట్టణాల్లో సర్వసాధారణమైంది. 200 గ్రాముల పప్పు పొట్లం రూ. 30 అనుకుందాం. అదే పప్పు ఇంట్లో ఒక్కరికి వండితే, 60 గ్రాముల కందిపప్పుకు కిలో రూ. 150 చొప్పున రూ. 9, టమాట, చింతపండు, తాలింపులకు రూ. 6, గ్యాసుకు రూ. 4, మొత్తం రూ. 19 అవుతుంది. మిగిలేది రూ. 11. అందుకు 35 నిమిషాలు వెచ్చించాలి.

నలుగురికి వండితే పప్పుకు రూ. 36, మిగిలిన దినుసులకు రూ. 20, గ్యాసుకు రూ. 6, మొత్తం రూ. 62. నాలుగు పొట్లాలు కొంటే రూ. 120. మిగిలేది రూ. 58, పట్టే సమయం 45 నిమిషాలు. దినుసుల ఖర్చు తినేవారి సంఖ్యతోపాటు దాదాపు అదే దామాషాలో పెరిగింది. సమయం, ఇంధనం అలా పెరగలేదు. గదిలో ఒంటరిగా ఉండే విద్యార్థికీ, నలుగురున్న కుటుంబానికీ ఒకే సలహా ఎందుకు పనికిరాదో ఈ లెక్క చెబుతుంది. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి వండుకుంటే ఆ లాభం వారికీ దక్కుతుంది.

కంది అమ్మి పప్పు కొనే ఇల్లు

పై మూడింటికన్నా వ్యవసాయ విస్తరణకు దగ్గరైన ఉదాహరణ ఇది. కంది పండించిన రైతు పంటంతా అమ్మి, నెల తిరగకముందే పొట్లం కందిపప్పు కొంటాడు. 2024-25లో కంది కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 7,550. కిలోకు రూ. 75.50. మర పట్టించే కూలి కిలో కందికి రూ. 8, పప్పు దిగుబడి 72 శాతం అనుకుంటే, ఇంటి పప్పు కిలోకు రూ. 116 పడుతుంది. బజారు ధర రూ. 150 అయితే కిలోకు రూ. 34 మిగులు. ఏడాదికి 30 కిలోల పప్పు వాడే ఇంటికి రూ. 1,020 మిగులుతుంది. ఇందుకు నిలవ ఉంచవలసిన కంది సుమారు 42 కిలోలు మాత్రమే. పొట్టు, నూక పశువుల దాణాకు అదనం.

అయితే ఈ లాభం పప్పు దిగుబడిపై ఆధారపడి ఉంది. దిగుబడి 60 శాతానికి తగ్గితే పప్పు కిలోకు రూ. 139 పడుతుంది. 56 శాతం దగ్గర లాభం పూర్తిగా హరించుకుపోతుంది. కందికి నూనె పట్టించి సరిగా ఎండబెట్టకుండా పాత పద్ధతి తిరగళ్లలో విసిరితే నూక ఎక్కువై లెక్క తారుమారు అవుతుంది. కాన్పూరులోని భారతీయ పప్పుధాన్యాల పరిశోధన సంస్థ, మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ చిన్న తరహా పప్పు మిల్లులను రూపొందించాయి. స్వయం సహాయక సంఘం లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం ఇటువంటి మిల్లును నడిపితే ఊరందరికీ ఉపయోగం. నిలవలో పుచ్చు పురుగు పట్టకుండా గింజను బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాల్లో లేదా సంచుల్లో ఉంచాలి.

సమయానికి వెల

ఇంతవరకు వేసిన లెక్కల్లో ఒక అంశం మిగిలి ఉంది. ఇంటి వంట చవక అనేటప్పుడు వండేవారి సమయాన్ని సున్నాగా లెక్కిస్తున్నాం. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఇంట్లోనే చేసుకోండి అని మనం చెప్పే ప్రతి సలహా ఈ 299 నిమిషాలకే చేరుతుంది.

కాబట్టి ప్రతి పోలికలో గంటకు మిగులు ఎంత అన్న అంకెను చూపాలి. కిలో పిండికి కడగడం, రుబ్బడం, గ్రైండరు శుభ్రం చేయడం కలిపి 45 నిమిషాలు పడితే మిగులు రూ. 45, అంటే గంటకు రూ. 60. ఒకేసారి 3 కిలోలు రుబ్బితే 75 నిమిషాలు పట్టి రూ. 135 మిగులుతుంది. గంటకు రూ. 108. ఆ ఊరిలో ఆరు గంటల పనికి రూ. 400 కూలి ఉంటే గంటకు సుమారు రూ. 67 అవుతుంది. పత్తి తీతల రోజుల్లో కూలికి వెళ్లే స్త్రీకి కిలో పిండి రుబ్బుకోవడంకన్నా కొనడమే లాభం కావచ్చు. మూడు కిలోలు రుబ్బి రెండిళ్లు పంచుకుంటే ఇంటి పిండే లాభం. పని దొరకని రోజుల్లో గంట విలువ తగ్గుతుందే గాని సున్నా కాదు. పిల్లల చదువుకు, విశ్రాంతికి కూడా విలువ ఉంది. ఇంటి పనిలో పురుషులు పాలు పంచుకుంటే ఈ లెక్క మరింత సులభమవుతుంది. శిక్షణకు దంపతులిద్దరినీ పిలవడం అందుకే అవసరం.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

1. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు పది కూరగాయలను కొని, తూచి, ఒలిచి, తినదగిన భాగం శాతాన్ని నమోదు చేయాలి. బఠాణీ, మునగ, పనస, తీపి మొక్కజొన్న తప్పనిసరిగా ఉండాలి. ఈ పట్టికను గ్రామ సమావేశంలో ప్రదర్శించాలి.

2. ప్యాకేజీ వస్తువుల నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం పొట్లాలపై గ్రాముకు లేదా కిలోకు పడే ధరను ముద్రించాలి. దానిని చదవడం నేర్పాలి. అయితే అది పొట్లం బరువుకు ధరే గాని, అందులోని పొడి పదార్థానికి ధర కాదని కూడా చెప్పాలి.

3. పొట్లంపై దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుండి తక్కువకు వరుసగా రాస్తారు. మొదటి మూడు పేర్లు చూస్తే దేనికి డబ్బు చెల్లిస్తున్నామో తెలుస్తుంది. ఉప్పు, నూనె పరిమాణాలను కూడా గమనింపజేయాలి.

4. కంది, పెసర, మినుము పండించే రైతులకు కోతల ముందే ఇంటి అవసరానికి ఎన్ని కిలోలు ఉంచుకోవాలో లెక్క కట్టి ఇవ్వాలి. పంట అమ్ముడైన తరువాత ఇచ్చే సలహాకు విలువ లేదు.

5. సమానమయ్యే ధరలను ఋతువుకొకసారి లెక్కించి, స్థానిక ధరలతో గోడపత్రికగా వేయాలి.

ముగింపు

పై నాలుగు ఉదాహరణల్లో నాలుగు వేర్వేరు ఫలితాలు వచ్చాయి. బఠాణీలో ఋతువు, పిండిలో ఒకసారి రుబ్బే పరిమాణం, పప్పు పొట్లంలో తినేవారి సంఖ్య, కందిలో మర దిగుబడి చవకను నిర్ణయించాయి. ఇంటిదా, బజారుదా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. తినదగిన భాగానికి ధర, వృథా, గంటకు మిగులు అన్న మూడు అంకెలు చేతికిస్తే కుటుంబం తన సమాధానాన్ని తానే వెతుక్కుంటుంది. దిగుబడిని తేమకు సరిచేయకుండా నమోదు చేయని శాస్త్రవేత్తలు, ఆ దిగుబడి వంటింటికి చేరిన తరువాత కూడా అదే నియమాన్ని పాటించడం సముచితం.