ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: తెరచాప పడవలో షుగరు, బీపీ

ప్రశ్న: మా ఆయనకు 63, నాకు 58. ఆయన టీచరుగా రిటైరయ్యారు. చెన్నైలో ఉండే మా అల్లుడికి తెరచాప పడవ నడపడం వచ్చు. ఫిబ్రవరిలో మా ఇద్దరినీ చెన్నై నుంచి పుదుచ్చేరికి సముద్రం మీదే తీసుకెళ్తానంటున్నాడు. ఆయనకు పన్నెండేళ్లుగా షుగరు, నాకు బీపీ. ఇరుగుపొరుగు వాళ్లు ‘ఈ వయసులో మీకెందుకమ్మా’ అంటున్నారు. వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, మదనపల్లె

జవాబు: వెళ్లొచ్చునమ్మా. వయసు అడ్డం కాదు. ఈ మూడు నెలల్లో షుగరు, బీపీ అదుపులో ఉన్నాయా అన్నదే చూడాలి. ఈమధ్యే గుండెపోటు వచ్చి ఉన్నా, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తున్నా, తరచూ షుగరు పడిపోతున్నా ఈ ఏడాదికి మానుకోండి. ఫిబ్రవరి మంచి నెలే. తుపాన్ల కాలం దాటి ఉంటుంది, ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంది.

పుదుచ్చేరికి కారులో మూడు నాలుగు గంటలు. తెరచాప పడవ 5 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 9 కిలోమీటర్ల చొప్పున పోతుంది. బడికి సైకిల్ తొక్కే పిల్లాడే నయం. అంటే రాత్రంతా నీళ్ల మీదే, దారిలో మెడికల్ షాపు ఉండదు. మీ జాగ్రత్తంతా ఆ ఒక్క రాత్రి కోసమే.

సముద్రం షుగరును పెంచదు, తగ్గించదు. లెక్క తప్పించేది వాంతులు. ఆయన పొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని రెండిడ్లీలు తిన్నారనుకోండి. గంటకల్లా కక్కేశారు. ఇడ్లీ సముద్రంలో పడింది, మాత్ర మాత్రం ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. కాసేపటికి చెమటలు, వణుకు, తికమక. పక్కనున్నవాళ్లు ‘సముద్రం పడలేదులే, పడుకోనీ’ అంటారు. అక్కడే ప్రమాదం. అలాంటప్పుడు ముందు వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. తెలివి తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏదీ పోయకండి.

వాంతులు ఆగకపోతే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్, నీరు తీసే బీపీ మాత్రలు ఒకపూట ఆపాల్సి రావచ్చు. నీరు తగ్గిన ఒంట్లో ఇవి ఇబ్బంది పెడతాయి. ఏది ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో మీ డాక్టరుతో బయల్దేరే ముందే కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు సొంతంగా పూర్తిగా మానేయకూడదు. సీసాను ఎండలో వదలకూడదు, ఐసు ముక్కలకు ఆనించీ పెట్టకూడదు. మందులన్నీ రెండు సెట్లు చేసి వేర్వేరు సంచుల్లో ఉంచండి, ఒకటి తడిసినా రెండోది మిగులుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు మంచినీళ్లకు ఒకటి. సముద్రపు నీళ్లు గుక్కెడు కూడా వద్దు. లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. దాన్ని బయటికి పంపడానికి మీరు తాగినదానికంటే ఎక్కువ నీరు మూత్రంలో పోతుంది.

ఇంకో రెండు మాటలు. మీ ఆయన్ని డెక్కు మీద వట్టి కాళ్లతో తిరగనివ్వకండి. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గితే ఇనుప కొక్కెం గీరినా తెలియదు, ఆ గాయానికి ఉప్పునీళ్లు తగిలితే చీము పట్టొచ్చు. జారని బూట్లు వేయించి, రాత్రి టార్చి వేసి అరికాళ్లు మీరే చూడండి. తెరచాప అడుగున ఉండే అడ్డదూలం గాలి మారగానే ఒక్క విసురున ఇటు నుంచి అటు తిరుగుతుంది. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్ల తలకు అది తగిలితే లోపల రక్తస్రావం కావొచ్చు. ఎప్పుడు తల వంచాలో ఒడ్డునే నేర్పమని మీ అల్లుణ్ని అడగండి.

ప్రశ్న: హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడే నాకు వాంతులు. కిందటి జనవరిలో విశాఖలో ఇద్దరం అరపూట తెరచాప పడవ ఎక్కితే ఆయన హాయిగా ఫొటోలు తీసుకున్నారు, నేను బకెట్టు పట్టుకుని కూర్చున్నాను. ఆడవాళ్ల ఒంటికి సముద్రం సరిపడదంటారు ఆయన. నిజమేనా? అవోమిన్ వేసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, పుంగనూరు

జవాబు: మీవారికి ఒక సంగతి చెప్పండి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన ఐఎన్ఎస్‌వీ తారిణి తెరచాప పడవ ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. అందులో ఉన్న ఆరుగురూ నేవీ మహిళా అధికారులే. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య వారిలో ఉన్నారు.

ప్రయాణపు వాంతులు ఆడవాళ్లలో కాస్త ఎక్కువన్నది నిజమే. కానీ అది బలహీనత కాదు. లోపలి చెవి ‘ఊగుతున్నాం’ అంటుంది, పడవ గదిలో ఉన్న కన్ను ‘లేదు, కదలకుండా ఉన్నాం’ అంటుంది. ఆ తగువు కడుపు మీదికొస్తుంది. అందుకే లోపల కూర్చోకండి, ఫోను చూడకండి. పడవ నడిమి భాగంలో కూర్చుని నింగీ నీరూ కలిసే గీతను చూడండి. ఖాళీ కడుపూ వద్దు, నూనె పూరీలూ వద్దు. అల్లం కొందరికి పనిచేస్తుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది.

అవోమిన్ వేసుకోవచ్చు. వాంతులు మొదలయ్యాక వేస్తే మాత్ర బయటికే వస్తుంది కాబట్టి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. మత్తు వస్తుంది. చుక్కాని పట్టేవాళ్లు వేసుకోకూడదు, వేసుకున్నవాళ్లు మద్యం తాగకూడదు. గ్లాకోమా, ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు డాక్టరును అడగందే ముట్టొద్దు. ప్రోస్టేట్ వాపు ఉన్నవారికి మూత్రం బిగపట్టుకుపోతే నడిసముద్రంలో నరకం.

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఐదు రోజులు పడవలో తిరిగొచ్చాం. ఇంటికొచ్చి రెండు రోజులైనా మంచం ఊగుతున్నట్టే ఉంది. మెదడు స్కానింగు చేయించుకోవాలా?
– ఓ పాఠకుడు, కుప్పం

జవాబు: ఇప్పుడే అక్కర్లేదు. పడవ ఊపుకు అలవాటు పడిన మెదడు ఇంకా నేలకు దిగలేదు, అంతే. చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే సర్దుకుంటుంది. రోజూ నడవండి, నిద్ర చెడగొట్టుకోకండి. వారాలు గడిచినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యి లేవకపోయినా అది సముద్రం పని కాదు. గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాఠకులందరికీ ఒక మాట. మీ జబ్బులు, మందులు, రక్తపు గ్రూపు ఒక కార్డు మీద రాసి, లైఫ్ జాకెట్ జేబులో తడవకుండా పెట్టుకోండి. ఒడ్డున ఆపదొస్తే 108. సముద్రం మీద కోస్ట్ గార్డ్ నంబరు 1554. తీరం దూరమయ్యే కొద్దీ సెల్‌ఫోనుకు సిగ్నలు ఉండదు. అప్పుడు పలికేది వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానల్. అది పనిచేస్తోందని మీ చెవులతో విన్నాకే పడవెక్కండి.