రెండు నిమిషాల విమానం: వెస్ట్రే – పాపా వెస్ట్రే

ప్రపంచంలో అతి తక్కువ దూరం ఎగిరే షెడ్యూల్డ్ విమాన సర్వీసు స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో ఉంది. వెస్ట్రే, పాపా వెస్ట్రే విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కి.మీ. ఎడిన్‌బరో విమానాశ్రయం రన్‌వే పొడవు దాదాపు అంతే! టైంటేబుల్ ప్రకారం ప్రయాణ సమయం 2 నిమిషాలు, రికార్డు 53 సెకన్లు. నడిపే సంస్థ లోగన్‌ఎయిర్, మొదలైన ఏడాది 1967. విమానం పేరు బ్రిటెన్-నార్మన్ ఐలాండర్. చిన్నదే అయినా ఇంజన్లు రెండు.

విమాన దూరాల ప్రశ్నల్లో పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది యూనిట్ల దగ్గరే. 1 నాటికల్ మైలు 1.852 కి.మీ.కు సమానం. గంటకు ఒక నాటికల్ మైలు వేగమే ఒక నాట్. భూగోళంపై రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి గ్రేట్ సర్కిల్ వెంట ఉంటుంది. మ్యాపు మీద గీసిన సరళరేఖ అని టిక్ పెడితే మార్కు పోయినట్టే.

మన దేశంలో ప్రాంతీయ విమానాల ప్రశ్న అంటే ఉడాన్ పథకమే. దీనికి ఆధారం 2016 జాతీయ పౌర విమానయాన విధానం. తొలి విమానం 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీ మధ్య ఎగిరింది. అప్పట్లో గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కి.మీ.కు, పథకం కింద కేటాయించిన సీట్లపై ఛార్జీ పరిమితి రూ.2,500. విమాన సంస్థకు వచ్చే లోటును పూడ్చేది వయబిలిటీ గ్యాప్ ఫండింగ్.

సిమ్లాతో పాటు అదే రోజు కడప–హైదరాబాద్ సర్వీసూ ప్రారంభమైంది. గ్రూప్స్ రాసేవారు దీన్ని వదలొద్దు.